పాకాల లైనులో మూతపడిన స్టేషన్: గోడల్ని కాదు, లూపు లైనును వెతకండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. పాకాల నుంచి ధర్మవరం వెళ్ళే దారిలో, పీలేరుకు ఇవతల, మీ అమ్మమ్మగారి ఊరి పొలాల మధ్య ఒక పాడుబడ్డ రైల్వే స్టేషన్ ఉంది. ఇప్పటి రైలు దానికి రెండు వందల గజాల దూరంలో పోతోంది. ఆ స్టేషన్‌ను ఎప్పుడు కట్టారు, ఎప్పుడు మూశారు, ఎందుకు మూశారు, ఆ వివరాలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు. 1857లో కట్టారని ఊళ్ళో ఒకరు చెప్పారట. అక్కడ మాస్టరుగా ఉన్న దొర ఉరి వేసుకోవడంతో మూతపడిందని ఇంకొకరు చెప్పారట.

సూటిగా జవాబు: మీ స్టేషన్ 1890ల తొలి రెండు మూడేళ్ళలో, లైనుతో పాటే పుట్టి ఉండాలి. మూత మాత్రం ఒక్క రోజులో పడలేదు, మూడు విడతల్లో పడింది. మొదట లూపు లైను, అంటే ఎదురెదురు బండ్లు దాటుకోవడానికి పక్కన వేసే రెండో పట్టా, పోయింది. తరువాత స్టేషన్ మాస్టరు పోయాడు. చివరకు బండి ఆగడం మానేసింది. ఊళ్ళో వాళ్ళకు గుర్తుండేది మూడోది, మీరు వెతకవలసింది మొదటిది. దొర సంగతి తరువాత చెబుతాను.

నా గురించి ఒక్క మాట. మీటర్ గేజ్ రోజుల్లో నేను ఈ లైనులో రెస్ట్ గివర్ స్టేషన్ మాస్టరుగా తిరిగాను. ఒక్కో స్టేషన్ మాస్టరుకు వారపు సెలవు వచ్చిన రోజున ఆయన కుర్చీలో కూర్చోవడం నా పని. వారం తిరిగేలోపు అయిదారు స్టేషన్లలో పడుకునేవాడిని. ఏ స్టేషన్ బావి నీళ్ళు తియ్యగా ఉంటాయో, ఏ స్టేషన్‌లో తేళ్ళు ఎక్కువో అప్పట్లో నోటికి వచ్చేది. రిటైరై తిరుపతిలో స్థిరపడ్డాక పాత స్టేషన్ల వివరాలు పోగు చేయడం వ్యసనంగా మారింది. మీ స్టేషన్ పేరు నేను ఇక్కడ రాయడం లేదు, మీరూ రాయకండి. పేరు రాస్తే చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళ కంటే పాత ఇనుము మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ముందు వెళతారు.

ముందు 1857 సంగతి తేల్చేద్దాం. దక్షిణ భారతంలో మొట్టమొదటి ప్రయాణికుల బండి రాయపురం నుంచి ఆర్కాటు దగ్గరి వాలాజా వరకు 1856 జూలై 1న నడిచింది. ఆ మరుసటి ఏడాదికే మీ కొండల మధ్యకు రైలు వచ్చే వీలు లేదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోకి ముందు వచ్చినవి మద్రాస్ రైల్వే వారి రెండు బ్రాడ్‌గేజ్ దారులు. జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా బెంగళూరుకు 1864లో ఒకటి వచ్చింది. అరక్కోణం నుంచి పుత్తూరు, రేణిగుంట మీదుగా కడప వైపు సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది రెండోది. మీ లైను వీటికి పాతికేళ్ళ తరువాత పుట్టిన బిడ్డ. దాన్ని నడిపింది సౌత్ ఇండియన్ రైల్వే అనే వేరే కంపెనీ. గేజ్ కూడా వేరు: పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. బ్రాడ్‌గేజ్‌లో అది 1676 మిల్లీమీటర్లు.

ఎందుకు వేశారంటే, దీని వెనక ధాత కరువు ఉంది. 1876–78 మధ్య కరువులో రాయలసీమ పడ్డ పాట్లు మీ ఊరి ముసలివాళ్ళు వాళ్ళ తాతల నోట విని ఉంటారు. ధాన్యం ఉన్న చోటు నుంచి లేని చోటుకు చేరే దారి లేక జనం చనిపోయారు. 1880 నాటి కరువు కమిషన్ మెట్ట ప్రాంతాలకు రైలు దారులు వేయాలని గట్టిగా చెప్పింది. ఆ తరువాతి పదేళ్ళలోనే విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా ధర్మవరం దాకా, మరో చేయిగా పాకాల నుంచి తిరుపతి మీదుగా గూడూరు దాకా మీటర్ గేజ్ దారులు సాగాయి. తిరుపతికి రైలు వచ్చింది 1891లో. మీటర్ గేజ్ ఎంచుకోవడానికి కారణం ఖర్చు తక్కువ కావడమే. మలుపులు బిగువుగా తిప్పుకోవచ్చు, కొండ తవ్వవలసిన పని తగ్గుతుంది. ఆ మలుపులే నూరేళ్ళ తరువాత మీ స్టేషన్ కొంప ముంచాయి. ఆ కథ తరువాత.

ఇప్పుడు అసలు విషయం. స్టేషన్ అంటే భవనం కాదు, రెండు బండ్లు ఒకదాన్నొకటి దాటుకునే చోటు. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా చిక్కుముళ్ళన్నీ విడిపోతాయి.

ఒంటి లైను మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు ఎక్కడో ఒక చోట దాటుకోవాలి. అందుకోసం కొన్ని మైళ్ళకు ఒక చోట పక్కనే రెండో పట్టా వేసి, రెండు చివరలా పాయింట్లతో, అంటే బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్ళించే ఏర్పాటుతో, మెయిన్ లైనుకు కలుపుతారు. అదే లూపు. ఒక బండి లూపులో నిలబడుతుంది, ఎదుటిది మెయిన్ లైను మీద సాగిపోతుంది. మీ స్టేషన్ మీ ఊరి కోసం పెట్టినది కాదు. అటు ఉన్న స్టేషన్‌కూ ఇటు ఉన్న స్టేషన్‌కూ మధ్య దూరం లెక్క చూసి, ఇంజనుకు నీళ్ళు దొరికే బావి చూసి, నేల కాస్త చదునుగా ఉన్న చోటు చూసి పెట్టారు. ఊరు దగ్గర్లో ఉండటం రైల్వేకు అదనపు లాభం, అంతే. అందుకే ఈ లైనులో చాలా స్టేషన్లు ఊరికి ఆమడ దూరంలో ఉంటాయి. మదనపల్లె రోడ్ స్టేషన్ పేరులోని ‘రోడ్’ అన్న మాటకు అర్థం కూడా అదే: పట్టణం ఇక్కడ లేదు, ఇక్కడ దిగి రోడ్డు పట్టుకుని పోవాలి. ‘రోడ్’ అని ఉన్న స్టేషన్‌లో దిగి ఊరేదని వెతికిన కొత్త పెళ్ళికొడుకుల కథలు ప్రతి లైనులోనూ ఉంటాయి.

మీరు పంపిన ఫొటోల్లో భవనాన్ని పది సార్లు తీశారు. నేలను ఒక్కసారే తీశారు. ఆ ఒక్క ఫొటోయే నాకు పనికి వచ్చింది. ప్లాట్‌ఫారం రాతి అంచుకు సమాంతరంగా రెండు కంకర చాళ్ళు కనిపిస్తున్నాయి. దగ్గరిదాంట్లో కంకర నల్లగా, మందంగా ఉంది, అడుగున బూడిద కనిపిస్తోంది. దూరపుదాంట్లో కంకర పలచబడి తుమ్మ మొలిచింది. ఆ తుమ్మ చెట్ల కింద ఉన్నదే మీ లూపు. అక్కడి తుమ్మ మొదళ్ళు దగ్గరి చాలులోని మొక్కల కంటే చాలా లావుగా ఉన్నాయి చూడండి. అంటే మెయిన్ లైను మీద బండ్లు తిరుగుతుండగానే, ఎన్నో ఏళ్ళ ముందే, లూపు పీకేశారు.

లూపు పీకేసిన రోజున అక్కడ స్టేషన్ మాస్టరుకు పని పోయింది. ఎందుకో తెలియాలంటే టోకెన్ గురించి చెప్పాలి. ఇది నాకు ఇష్టమైన సంగతి కనుక కాస్త ఓపిక పట్టండి.

మా రోజుల్లో ఈ చిన్న స్టేషన్లలో నీల్స్ టోకెన్ యంత్రాలు ఉండేవి. ఎర్రగా, నడుము ఎత్తున, ఇనుప పెట్టె. అటు వైపు స్టేషన్‌కు ఒకటి, ఇటు వైపు స్టేషన్‌కు ఒకటి. లోపల ఉక్కు గుండ్లు వరసగా ఉంటాయి. అరచేతిలో పట్టే గుండు, చల్లగా బరువుగా ఉంటుంది. దాని మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి. నేను బండిని పంపాలంటే పక్క స్టేషన్ మాస్టరును అడగాలి. ఆయన తన యంత్రంలో నొక్కి పట్టుకుంటే తప్ప నా యంత్రం నుంచి గుండు బయటికి రాదు. ఒక గుండు బయటికి వచ్చిందంటే రెండు యంత్రాలూ తాళం పడిపోతాయి. ఆ గుండు పక్క స్టేషన్‌లో చేరి, అక్కడి యంత్రంలో పడేదాకా ఇంకో గుండు రాదు. అందుకని ఆ రెండు స్టేషన్ల మధ్య ముక్కలో ఒకేసారి రెండు బండ్లు ఉండే ప్రమాదం లేదు. గుండును తోలు సంచిలో పెట్టి, బెత్తపు చక్రానికి తగిలించి, పాయింట్స్‌మన్ చెయ్యి చాచి నిలబడితే, నడిచే ఇంజను మీంచి ఫైర్‌మన్ చేతిని అందులో దూర్చి లాక్కుపోయేవాడు. రాత్రిళ్ళు ఆ దెబ్బకు మోచేతి దగ్గర కమిలిపోయేది. ఒకసారి సంచి జారి గుండు పొదల్లో పడితే, బండిని ఆపుకుని మేమంతా లాంతర్లు పట్టుకుని వెతికాం. గుండు దొరికేదాకా అటూ ఇటూ బండ్లన్నీ ఆగిపోయాయి. దొరికింది కూడా రైల్వే వాళ్ళకు కాదు, పక్క పొలంలో కాపలా పడుకున్న రైతుకు.

లూపు లేని చోట బండ్లు దాటుకోలేవు. దాటుకోని చోట టోకెన్ మార్చవలసిన పని లేదు. యంత్రాలు రెండూ ఎత్తుకుపోతారు, సిగ్నల్ స్తంభాలు దించేస్తారు. (మీ వైపు ముసలివాళ్ళు సిగ్నల్‌ను ‘కైకాటి’ అంటారేమో అడగండి. తమిళం పొరుగున ఉన్న ఊళ్ళలో ఆ మాట నేను విన్నాను.) ఆ తరువాత మిగిలేది టికెట్ల కిటికీ. దాన్ని కమీషన్ మీద ఎవరికైనా అప్పగించి ‘హాల్ట్’ అని పిలుస్తారు. మీ ఫొటోలో కిటికీ పక్కన గోడ మీద రెండు చతురస్రపు మచ్చలు, వాటి కింద నేలలో నాలుగేసి బోల్టు మొదళ్ళు ఉన్నాయే, అవే యంత్రాలు నిలిచిన చోట్లు. నేను అలాంటి మచ్చల ముందు ఎన్నో రాత్రులు కూర్చున్నాను కనుక వాటిని గుర్తుపట్టడానికి నాకు బోర్డు అక్కర్లేదు.

సరే, స్టేషన్‌ను ఎందుకు పొమ్మన్నారు? తిలా పాపం తలా పిడికెడు.

మొదటి కారణం డీజిల్ ఇంజను. ఆవిరి ఇంజను దాహం ఎక్కువ ప్రాణి. దానికి నీళ్ళు పోయాలి, బూడిద దులపాలి. డీజిల్‌కు ఆ బాధ లేదు. మీ స్టేషన్‌కు ఉన్న పెద్ద అర్హత ఆ బావే అయితే, ఆ అర్హత ఒక్క దెబ్బతో పోయింది. రెండోది బస్సు. స్టేషన్ ఊరికి దూరం, బస్సు రచ్చబండ దగ్గరికే వస్తుంది. ఇందులో వివరించడానికి ఏమీ లేదు.

మూడోది సరుకు. దీన్ని జనం మరచిపోతారు. ఆ చిన్న స్టేషన్లు బతికింది టికెట్ల మీద కాదు. బెల్లం, వేరుశనగ, చింతపండు, దామలచెరువు మామిడి, వీటి బుకింగ్ మీద. అయితే మీటర్ గేజ్ వ్యాగన్ కాట్పాడి దాకా పోయి ఆగాలి. అక్కడ కూలీలు సరుకంతా దించి బ్రాడ్‌గేజ్ వ్యాగన్‌లోకి ఎక్కించాలి. బెల్లం దిమ్మ ఆ మార్పిడిని తట్టుకుంటుంది. మామిడి తట్టుకోదు. లారీ వచ్చి తోట గట్టు దగ్గరే ఎక్కించుకుని మద్రాసు మండీలో దించితే ఏ రైతు రైలుకు పోతాడు? మదనపల్లె టమాటా మార్కెట్ అంత పెద్దదై కూడా అది రైలును నమ్ముకోకుండా లారీల మీదే పెరిగింది. దీనికి తోడు రైల్వే కూడా బస్తాల లెక్కన చిన్న చిన్న సరుకులు తీసుకోవడం తగ్గించి, నిండు వ్యాగన్లు, నిండు బండ్ల వైపు మళ్ళింది. మీ స్టేషన్ గూడ్స్ షెడ్ తలుపుకు తాళం పడింది అప్పుడే అయి ఉంటుంది.

నాలుగోది గేజ్ మార్పిడి, గోరుచుట్టు మీద రోకటిపోటు. దేశమంతా ఒకే గేజ్ ఉండాలన్న పథకం 1992 ఏప్రిల్‌లో మొదలైంది. ఈ లైను వంతు వచ్చి, పని ముగిసి, ధర్మవరం దాకా బ్రాడ్‌గేజ్ పడేసరికి 2010 ప్రాంతమైంది. పని నడిచినంత కాలం బండ్లు లేవు. ప్రయాణికులు బస్సుకు అలవాటు పడిపోయారు. కొత్త లైను వేసేటప్పుడు ఇంజనీర్లు పాత మలుపుల్ని సరిచేస్తూ, కొన్ని చోట్ల కట్టను పక్కకు జరిపారు. పైగా బ్రాడ్‌గేజ్ గూడ్సు బండి పొడవు వేరు, దాన్ని నిలబెట్టే లూపు ఆరేడు వందల మీటర్లు ఉండాలి. స్టేషన్ యార్డులో వాలు 400కు ఒకటి కంటే ఎక్కువ ఉండకూడదని, వీలైతే 1200కు ఒకటి కంటే ఎక్కువ వద్దని నియమం. కొండ పాదం దగ్గర, మలుపు మీద ఉన్న మీ పాత స్టేషన్‌లో అంత చదును నేల ఎక్కడుంది? కాబట్టి కొత్త కట్ట రెండు వందల గజాలు తప్పుకుని పోయింది. భవనం అక్కడే నిలబడిపోయింది.

దొర ఉరి గురించి. నేను తిరిగిన మూతపడిన స్టేషన్లలో దయ్యం లేని స్టేషన్ ఒక్కటీ లేదు. ఒక చోట దొర, ఒక చోట దొరసాని, ఒక చోట తల లేని గార్డు. మీ స్టేషన్ లాంటి చిన్న చోట దొర మాస్టరుగా ఉండటమే అరుదు. అలాంటి కొలువుల్లో ఎక్కువ మంది మన వాళ్ళే, అందులోనూ తంజావూరు, తిరుచిరాపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలా మంది. కంపెనీ ముఖ్య కార్యాలయం తిరుచిరాపల్లిలో ఉండేది మరి. అయినా కథను కొట్టిపారేయకండి, రాసుకోండి. పశువుల్ని ఆ వైపు తోలవద్దని పిల్లలకు చెప్పడానికి ఎవరో అల్లి ఉంటారు. అంటే అప్పటికి స్టేషన్‌లో మనుషులు లేరన్నమాట. కథ ఎప్పటి నుంచి ప్రచారంలో ఉందో కనుక్కుంటే, స్టేషన్ ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో కొంత అంచనా వస్తుంది.

ఇక తేదీలు పట్టుకోవడం. ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను, మీరు చేయకుండా ఉంటారు. కాట్పాడి వైపు ఒక పాత స్టేషన్‌లో కంచె స్తంభంగా పాతిన పట్టా ముక్క మీద 1884 అని ఉబ్బెత్తు అక్షరాలు చూశాను. పట్టా నడుము మీద తయారీదారు పేరు, సంవత్సరం, గజానికి ఎన్ని పౌండ్ల బరువో ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. నేను ఎగిరి గంతేసి, ఈ స్టేషన్ 1884 నాటిదని నలుగురికీ చెప్పేశాను. అప్పటికి ఆ లైనే లేదు! ఎక్కడో మెయిన్ లైను మీద అరిగిపోయిన పట్టాను తీసి, చిన్న లైనుకు పంపి, అక్కడా అరిగాక ముక్కలు కోసి కంచె పాతారు. పట్టా మీది ఏడు పట్టా పుట్టిన ఏడు, స్టేషన్ పుట్టిన ఏడు కాదు. నీళ్ళ ట్యాంకు రేకు, దూలం, పట్టాల కింది స్లీపరు, దేని మీద ఉన్న సంవత్సరానికైనా ఇదే జాగ్రత్త. ఆ సంవత్సరానికి ముందు ఆ వస్తువు లేదని మాత్రమే అది చెబుతుంది.

భవనంలో గోడ అతుకు చూడండి. గోటితో గీస్తే తెల్లగా పొడి రాలితే అది గానుగ సున్నం. బూడిద రంగులో గట్టిగా ఉంటే సిమెంటు, తరువాతి మరమ్మతు. పెంకులు మంగళూరు పెంకులైతే వెనక్కి తిప్పి ముద్ర ఫొటో తీయండి. మిద్దె అయితే దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చిన మద్రాసు మిద్దెనా, కాంక్రీటు పలకా అన్నది చూడండి. ఒకే భవనంలో ఇవన్నీ కలిసి ఉండటం మామూలే. మీ ఫొటోలో మాస్టరు గది పాతది, వరండా తరువాతిది అని నాకు అనిపిస్తోంది. చూరు ఎత్తు కలవలేదు.

కాగితాల్లో కెల్లా నాకు ఎక్కువ నమ్మకం అట్ట టికెట్ మీద. దాదాపు 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే గట్టి అట్ట ముక్క. కంప్యూటర్ టికెట్ వచ్చేదాకా అదే నడిచింది. చంద్రగిరిలో ఒక పెద్దావిడ వక్కాకు సంచి అడుగున అలాంటిది దొరికింది. మూడో తరగతి, ధర అణాల్లో ఉంది. ఒక మూల కోసి ఉంది. పెద్దల టికెట్టే పిల్లలకు ఇచ్చేటప్పుడు ఆ మూల కత్తిరించి లెక్కల కోసం మాస్టరు దగ్గర ఉంచుకునేవాడు. అంటే అది ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పటిది. తమ్ముడి పుట్టువెంట్రుకలకు తిరుపతి వెళ్ళామని ఆవిడకు గుర్తుంది, ఏ ఏడో గుర్తు లేదు. తేదీ వేసే యంత్రం అట్ట అంచులో అంకెల్ని నొక్కి గుద్దుతుంది. సిరా వెలిసిపోయినా గుంట మిగులుతుంది. గదిలో దీపం ఆర్పి, టార్చిని టికెట్ పక్కన పడుకోబెట్టినట్టు పెట్టి చూస్తే నీడల్లో అంకెలు లేచాయి: చివర 53. ఆవిడ ఆ అంకెలు చూసి, “అయితే తమ్ముడు నాకంటే ఏడేళ్ళు చిన్న, ఇన్నాళ్ళూ అయిదని చెప్పుకుంటున్నాం” అన్నారు. ఆ ఇంట్లో అప్పుడు మొదలైన లెక్క ఇప్పటికీ తెగలేదు.

టికెట్ మీద తేదీ కనబడకపోయినా ధర చాలు. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. ‘నయా పైసలు’ అని ఉంటే 1957–64 మధ్యది. మూడో తరగతి అని ఉంటే 1974లోపుది, ఆ ఏడాది మూడో తరగతిని ఎత్తేశారు. దూరం మైళ్ళలో ఉందా, కిలోమీటర్లలో ఉందా అన్నది కూడా చూడండి. స్టేషన్ పేరు బోర్డు దొరికితే, సముద్ర మట్టం నుంచి ఎత్తు అడుగుల్లో రాశారా, మీటర్లలో రాశారా అన్నది అలాగే పనికొస్తుంది.

మనుషుల్ని అడిగేటప్పుడు ‘ఏ సంవత్సరం’ అని అడగవద్దు. ఎవరూ చెప్పలేరు, మొహమాటానికి ఏదో ఒక అంకె చెబుతారు. రైల్వే కుటుంబాల వాళ్ళనైతే ‘74 సమ్మెకు ముందా తరువాతా అని అడగండి. ఆ మే నెల వాళ్ళెవరూ మరచిపోలేదు. ఊరి వాళ్ళనైతే రామారావు ముఖ్యమంత్రి అయ్యేనాటికి మాస్టరు ఉన్నాడా అని అడగండి. అది 1983 జనవరి. ముఖ్యంగా పాత గ్యాంగ్‌మన్ (పట్టాలు బాగుచేసే పనివాడు) ఎవరైనా ఉంటే ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి. మాస్టర్లు బదిలీల మీద వచ్చి పోతారు, గ్యాంగ్‌మన్ ఆ నాలుగు మైళ్ళ పట్టా మీదే జీవితం గడుపుతాడు. లూపు పీకిన రోజు ఆయన గడ్డపార పట్టుకుని ఉంటాడు.

కార్యాలయాల్లో వెతకడం గురించి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు, ఎందుకంటే జిల్లా మారింది, రైల్వే కూడా మారింది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. మీ లైను వేసేనాటికి చిత్తూరు, చంద్రగిరి వైపు ఉత్తర ఆర్కాటు జిల్లా, వాయల్పాడు, మదనపల్లె వైపు కడప జిల్లా. ‘చిత్తూరు జిల్లా’ అని వెతికితే 1890ల కాగితాలు ఒక్కటీ దొరకవు. మళ్ళీ 2022లో జిల్లాలు విడిపోయి పాకాల తిరుపతి జిల్లాకు, పీలేరు అన్నమయ్య జిల్లాకు వెళ్ళాయి. రైల్వే సంగతీ అంతే. 1951 ఏప్రిల్ దాకా సౌత్ ఇండియన్ రైల్వే, ఆ తరువాత దక్షిణ రైల్వే, 1977లో గుంతకల్ డివిజన్‌తో పాటు దక్షిణ మధ్య రైల్వేకు. పాత కాగితాలు ఈ మార్పుల్లో ఏ బీరువాలో చిక్కుకున్నాయో చెప్పడం కష్టం.

నేనైతే మీ మండల తహసీల్దారు కార్యాలయం నుంచి మొదలుపెడతాను. ఊరి పటం, ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం), డైగ్లాట్ రిజిస్టరు (సర్వే నంబర్ల వారీగా భూమి వివరాల పుస్తకం), ఈ మూడూ చూడండి. ‘రైల్వే పోరంబోకు’ అని ఉన్న సర్వే నంబరు ఆకారం గమనించండి. లైను వెంట సన్నటి పట్టీలా వచ్చిన భూమి ఒక చోట పాము మింగిన ఎలుకలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే మీ స్టేషన్ యార్డు. దాని పొడవు కొలిస్తే లూపు ఎంత ఉండేదో తెలుస్తుంది. సర్వే నంబరు చేతికి వస్తే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ సంపుటాలు తిరగేయవచ్చు. రైలు కోసం ఎవరి భూమి తీసుకున్నారో ఆ ప్రకటనలు అందులో అచ్చయ్యేవి. ఊరి పేర్ల స్పెల్లింగు అప్పట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. మీ ఊరి పేరును నాలుగైదు రకాలుగా రాసుకుని వెళ్ళండి.

మూత తేదీ కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పది రూపాయలు. ఇందులోనూ ఒక కిటుకు ఉంది. ఒకప్పుడు నేను ఒక కార్యాలయానికి ‘ఫలానా స్టేషన్‌ను ఎందుకు మూశారు’ అని రాస్తే, సమాచారం లేదని ఒక్క వాక్యం వచ్చింది. కోపం వచ్చింది గానీ తప్పు నాదే. ఆ చట్టం కింద కాగితాలు ఇస్తారు, కారణాలు చెప్పరు. ‘ఫలానా స్టేషన్‌లో క్రాసింగ్ సదుపాయం తొలగించిన ఉత్తర్వు నకలు, హాల్ట్‌గా మార్చిన ప్రకటన నకలు, పూర్తిగా మూసిన వాణిజ్య విభాగం సర్క్యులర్ నకలు’ అని మూడు విడివిడిగా అడిగాక రెండు పేజీలు వచ్చాయి. ఆ రెండు పేజీల్లో మూసివేతకు కారణం కూడా ఉంది.

వెళ్ళేటప్పుడు జాగ్రత్తలు. పాడుబడినా అది రైల్వే భూమే కావచ్చు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద అనుమతి లేకుండా ప్రవేశిస్తే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉండవచ్చు. దగ్గరి స్టేషన్‌లో మాస్టరుకు చెప్పి వెళ్ళండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒక బోల్టు కూడా ఇంటికి తేవద్దు. రైల్వే ఆస్తి దగ్గర పెట్టుకున్నందుకు 1966 నుంచి వేరే చట్టమే ఉంది, ‘చరిత్ర కోసం’ అంటే ఎవరూ వినరు. బావి గట్టు మీద నిలబడవద్దు, లోపల రాళ్ళు వదులై ఉంటాయి. మిద్దె కిందికి వెళ్ళేముందు కర్రతో నేల తట్టండి, పాములకు పాత మాస్టరు గది కంటే మంచి ఇల్లు లేదు.

ఈసారి వెళ్ళినప్పుడు నాకు మూడు ఫొటోలు కావాలి. లూపు రెండు చివరల్లో పాయింట్లు ఉండే చోట నేల, తీగలు లాగిన కప్పీలు ఏమైనా మిగిలాయేమో. బావి అంచు రాయి లోపలి ముఖం, తాడు ఒరిపిడి గాట్లు ఎంత లోతుగా ఉన్నాయో. మూడోది, మీ నాలుగో ఫొటోలో ఎడమ చివర, చింతచెట్టు మొదట్లో ఒక కంచె స్తంభం ఉంది. దాని నడుము మీద తుప్పు కింద అక్షరాలు ఉన్నట్టున్నాయి. గీకవద్దు, తడిగుడ్డతో తుడిచి, పొద్దున ఏడు గంటల ఎండ పక్క నుంచి పడుతున్నప్పుడు తీసి ఇక్కడ పెట్టండి.